కట్టు కట్టిన కుడిచేయి

అనంతపురము పీఠభూమిమీద బ్రతుకవలెనన్న రెండు విద్యలు తెలియవలెను. ఒకటి, వాన కొరకు ఓపికతో కాచుకొనుట. రెండవది, వాన రాని యేట మూటముల్లె కట్టుకొని కదలిపోవుట. నైరుతి ఋతుపవనము తన నీటిని చాలవరకు పడమటి కనుమలమీదనే కురిసి, ఇటు వట్టి గాలిగా వచ్చును. ఈశాన్యపు వాన తూర్పుతీరమునుండి ఇంతదూరము వచ్చుసరికి చిక్కిపోవును. సాలుకు సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటుగా పడు ఆ వాన కూడ అదనుకు పడునన్న నమ్మకము లేదు. 1876లో మొదలై 1878 వరకు సాగిన మహాక్షామమునకు తెలుగువారి నోట ధాత కరువని పేరు. అప్పటికి అనంతపురము ప్రత్యేక జిల్లా కాలేదు. 1882లో బళ్లారి జిల్లానుండి విడివడినది. అట్టి యేళ్లలో ఈ సీమవారికి ఇల్లు విడిచి నడచిపోవుటయే చివరి ఆధారమైనది.

ఇటువంటి నేలమీద కదలుట విలాసము కాదు, ప్రాణాధారము. కాబట్టి “నీవు కదలరాదు” అను మాట ఇక్కడ ఎంత కఠినమైనదో వేరుగా చెప్పనక్కరలేదు. పుట్టుకనుబట్టి కొందరిని కదలరాదని కట్టివేసిన చట్టములు లోకములో అనేకచోట్ల వుండినవి. ఆ కట్టు త్రెంచుకొనలేనివారు కొందరు తమ పుట్టుకనే దాచి, వేరొక జాతివారుగా చలామణి అయి బయటపడినారు. అట్టి చలామణికి చరిత్రలో మిక్కిలి ప్రసిద్ధమైన ఉదాహరణము అమెరికా దేశములో 1848లో జరిగినది. దానిని మొదట చెప్పి, పిమ్మట మన పీఠభూమికి తిరిగి వత్తుము. రెండింటిని ప్రక్కప్రక్కన వుంచి చూచినప్పుడు మాత్రమే బోధపడు సంగతి యొకటి గలదు.

అమెరికా దక్షిణ రాష్ట్రములలో బానిసత్వమునకు శరీరపు రంగు గుర్తైనను, చట్టము దానిని నిర్ణయించినది తల్లినిబట్టి. 1662లో వర్జీనియా వలసరాజ్యము ఒక శాసనము చేసినది. బిడ్డ స్థితి తల్లి స్థితిని అనుసరించునని దాని తాత్పర్యము. తల్లి బానిసయైనచో తండ్రి యెవ్వరైనను బిడ్డ బానిసయే. ఈ శాసనము యజమానులకు బాగుగా లాభించినది. బానిస స్త్రీకి తమవలన కలిగిన శిశువును బిడ్డయని అంగీకరింపనక్కరలేదు; ఆస్తిగా లెక్క వ్రాసుకొనవచ్చును. ఇట్లు రెండుమూడు తరములు గడచుసరికి, చూచుటకు తెల్లవారివలెనే వుండి చట్టరీత్యా బానిసలైనవారు ఆ దేశమున కలిగినారు.

ఎల్లెన్ అట్టి బిడ్డ. 1826లో జార్జియా రాష్ట్రములోని క్లింటన్ అను వూర పుట్టినది. తల్లి మరియా బానిస. తండ్రి ఆ తల్లికి యజమానియైన జేమ్స్ స్మిత్. ఇంటికి వచ్చిన అతిథులు ఎల్లెన్‌ను ఆ యింటి బిడ్డగా పొరబడుచుండుట యజమానురాలికి కంటగింపైనది. ఎల్లెన్‌కు పదునొకండవ యేట ఇంటి కూతురికి పెండ్లి జరిగినది. ఆ పెండ్లికి ఎల్లెన్‌ను కానుకగా ఇచ్చివేసినారు. కానుక పుచ్చుకొన్న వధువు ఎల్లెన్‌కు తండ్రివైపు అక్కయే. ఆమెతో ఎల్లెన్ మేకన్ పట్టణమునకు వెళ్లినది. తల్లి వెనుక నిలిచిపోయినది.

మేకన్‌లో ఆమెకు విలియం క్రాఫ్ట్ అను వడ్రంగి పరిచితుడైనాడు. అతడు బల్లలు, బీరువాలు చేయు నేర్పరి. అతడును బానిసయే. అతని తల్లిదండ్రులను, తోబుట్టువులను యజమాని విడివిడిగా అమ్మివేసినాడు. 1846లో వారిద్దరు దంపతులైనారు. బానిసల పెండ్లికి చట్టములో విలువ లేదు. తాము కను బిడ్డ తమది కాక మరొకరి ఆస్తి యగునని తలచి, బానిసగా వున్నన్నాళ్లు బిడ్డలను కనరాదని ఎల్లెన్ నిశ్చయించుకొన్నది. తప్పించుకొనిపోవు ఆలోచన ఆ నిశ్చయమునుండియే మొలకెత్తినది.

మేకన్‌నుండి బానిసత్వము లేని పెన్సిల్వేనియా రాష్ట్రమునకు సుమారు వేయి మైళ్లు. అడవిదారిని పారిపోయినవారిని వేటకుక్కలతో వెదకి పట్టుకొనుచుండిరి. కావున వారు రాచబాటనే పోదలచినారు. ఎల్లెన్ శరీరచ్ఛాయయే వారికి సాధనము. అయితే తెల్లజాతి స్త్రీ నల్లజాతి సేవకునితో ఒంటరిగా ప్రయాణించుట ఆనాటి మర్యాదకు విరుద్ధము. అందుచేత ఆమె పురుషవేషము వేయవలసివచ్చినది. ఫిలడెల్ఫియా వైద్యులను చూడబోవు రోగియైన యువ భూస్వామి ఎల్లెన్; వెంటనున్న బానిస విలియం. వడ్రంగముమీద కూడబెట్టుకొన్న సొమ్ముతో విలియం దుస్తులు కొన్నాడు. షరాయిని ఆమెయే కుట్టుకొన్నది. జుట్టు కత్తిరించినారు. మీసము గడ్డము లేని ముఖము బయటపడకుండ దవడలకు మందుకట్టు కట్టినారు. కన్నులకు ఆకుపచ్చని అద్దములు పెట్టినారు.

ఇక మిగిలినది కుడిచేయి. హోటళ్లలో పుస్తకమున పేరు వ్రాయవలెను. సుంకపు కచేరీలలో సంతకము చేయవలెను. ఎల్లెన్‌కు వ్రాత రాదు. జార్జియాలో బానిసకు చదువు నేర్పుట 1829నుండి నేరము. భూస్వామికి సంతకము రాదన్నచో నమ్ముటకు ఎవ్వరును సిద్ధముగా వుండరు. ఎల్లెన్ ఆలోచించి కుడిచేతికి కట్టు కట్టి, ఆ చేతిని మెడనుండి వ్రేలాడదీసికొన్నది. తనకు నిరాకరింపబడిన విద్యను ఆమె ఒక గుడ్డపేలికతో కప్పిపుచ్చినది.

1848 డిసెంబరు 21వ తేదీ ఉదయమున వారు రైలెక్కినారు. యజమాని ఒక పెట్టెలో, బానిస మరొక పెట్టెలో. విలియం పనిచేయుచుండిన కార్ఖానా దొర అనుమానముతో స్టేషనుకు వచ్చి పెట్టెలలోనికి తొంగిచూడసాగినాడు. విలియం వున్న పెట్టెను అతడు చేరకముందే రైలు కదలినది. ఎల్లెన్ ప్రక్కన కూర్చున్న పెద్దమనిషి ఆమె యజమానికి పాత స్నేహితుడు. ఆమెను చిన్ననాటినుండి ఎరిగినవాడు. క్రిందటి దినమే ఆ యింట భోజనము చేసినవాడు. అతడు పలుకరింపగా ఆమె చెవిటివానివలె కిటికీలోనుండి బయటికి చూచుచు కూర్చున్నది. మరల బిగ్గరగా పలుకరింపగా ఒక్కమాటతో సరిపెట్టినది. ప్రయాణము సవానా వరకు సాగినది.

సవానానుండి చార్లెస్టన్‌కు పొగయోడ. ఓడలో బానిసల వ్యాపారి యొకడు విలియంను కొనుటకు బేరమాడినాడు. సేవకునికి కృతజ్ఞత చెప్పినందుకు ఒక సైనికోద్యోగి ఎల్లెన్‌ను మందలించినాడు. అట్టి మర్యాద బానిసను పాడుచేయునని అతని హితవు. చార్లెస్టన్ సుంకపు కచేరీలో సంతకము చేయనిదే టిక్కెట్టు ఇయ్యబోమన్నారు. చేతికట్టు చూపినను ఉద్యోగి కరగలేదు. ఓడలో పరిచయమైన ప్రయాణికుడొకడు తాను ఎరుగుదునని చెప్పుటచేతను, ఓడ కప్తాను పూనుకొని జాన్సన్ అను పేరు వ్రాయించుటచేతను ఆ గండము గడచినది. విల్మింగ్టన్, రిచ్‌మండ్, వాషింగ్టన్ దాటి క్రిస్మస్‌కు ముందటి రాత్రి బాల్టిమోర్ చేరినారు. బానిసరాష్ట్రములలో అది చివరి పెద్ద మజిలీ. అక్కడి అధికారి, ఈ బానిస తమవాడేయన్న రుజువు లేనిదే ముందుకు పోనీయనన్నాడు. వారివద్ద రుజువు లేదు. బండి బయలుదేరు గంట మ్రోగినది. రోగియైన దొరను ఆపుట భావ్యము కాదని ఆ అధికారి చివరి నిమిషమున మెత్తబడినాడు. క్రిస్మస్‌నాటి ఉదయమున వారు ఫిలడెల్ఫియాలో దిగినారు. దిగి స్టేషను విడిచినంతనే ఎల్లెన్ కన్నీరు పెట్టుకొన్నదని విలియం తరువాత వ్రాసినాడు.

ఈ కథను సాహసగాథగా చదువుట సులభము. అయితే ఆ నాలుగు దినములు వేషము ఆమెనుండి ఏమి కోరినదో కూడ చూడవలెను. తెల్లజాతివాడుగా చలామణి కావలెనన్న తెల్లని చర్మము చాలలేదు. తన భర్తను బానిసగా ఆజ్ఞాపింపవలెను. అతడు ఎక్కడ పండుకొన్నాడో, ఏమి తిన్నాడో అని అడుగరాదు. మెత్తని మాట అన్నచో అనుమానము వచ్చును. అనగా ఆ సంఘములో దొరతనము రంగులో కంటె, తోటిమనిషిని తక్కువగా చూచు అలవాటులో ఎక్కువగా వుండినది. ఆ అలవాటును నాలుగు దినములు అభినయించినవారికి అది ఎంత బోలుదో తెలిసినది.

మరియొక సంగతి. ఫిలడెల్ఫియా చేరిన పిమ్మట ఎల్లెన్ తెల్లజాతి స్త్రీగానే మిగిలిపోయి వుండవచ్చును. ఆమెవంటి ఛాయగలవారు కొందరు అట్లు చేసినారు. తల్లిని, తోబుట్టువులను, పుట్టిన వూరిని నోట తలవక జీవితము గడిపినారు. వారిని నిందించుటకు మనకు అధికారము లేదు. ఎల్లెన్ మాత్రము వేషము తీసివేసి, విలియంతోకూడ సభావేదికలమీద నిలబడి, తాను బానిసగా వుండినదానినని పదిమందిలో ప్రకటించినది. దానికి మూల్యము చెల్లింపవలసివచ్చినది. 1850లో పారిపోయిన బానిసలను పట్టియిచ్చు చట్టము అమెరికా అంతటికి వర్తించునట్లు గట్టిపడినది. వారిని పట్టుకొనుటకు మేకన్‌నుండి ఇద్దరు మనుషులు బోస్టన్‌కు వచ్చినారు. పట్టణములోని మిత్రులు వారిని దాచి కాపాడినారు. ఆ యేటి చివరనే దంపతులు సముద్రము దాటి ఇంగ్లండు చేరినారు. ఎల్లెన్ అక్కడ చదువను వ్రాయను బాగుగా నేర్చినది. అయిదుగురు బిడ్డలను కన్నది. వారి పలాయనకథ 1860లో లండనులో పుస్తకముగా వెలువడినది. అంతర్యుద్ధానంతరము, 1865లో రాజ్యాంగసవరణచే అమెరికాలో బానిసత్వము రద్దైన పిమ్మట, తల్లి మరియా కూతురివద్దకు చేరినది. 1868లో దంపతులు స్వదేశమునకు మరలి, జార్జియాలోనే భూమి సంపాదించి, విముక్తులైనవారి కొరకు పాఠశాల నడిపినారు. ఎల్లెన్ 1891లో, విలియం 1900లో గతించినారు.

అమెరికా విముక్తి వార్త మన దేశమున కూడ ఆలోచనాపరులను కదలించినది. 1873లో మహాత్మా జ్యోతిరావు ఫూలే మరాఠీలో గులాంగిరి అను గ్రంథము ప్రకటించి, బానిసలను విడిపించిన అమెరికా ప్రజలకు దానిని అంకితము చేసినాడు. పుట్టుకనుబట్టి మనిషిని తక్కువచేయు ఆచారము ఇచ్చటను గలదని చెప్పుటయే ఆయన ఉద్దేశము. మన దేశములో బానిసత్వమును న్యాయస్థానములు గుర్తింపరాదని 1843నాటి అయిదవ చట్టము శాసించినది. అయినను అమెరికాలో బానిసత్వము తొలగిన ఆరేండ్లకే, 1871లో, బ్రిటిషు ప్రభుత్వము నేరజాతుల చట్టము చేసినది. అది మొదట ఉత్తరాదిన అమలై, 1911లో కొత్త రూపముతో మదరాసు రాజధానికి వచ్చినది. 1924లో మరల కూర్చబడినది. ఈ చట్టముతో మన కథ పీఠభూమికి తిరిగి వచ్చుచున్నది.

ఈ సీమలో కదలికయే వృత్తిగా బ్రతికినవారు సుగాలీలు, యెరుకలు. సుగాలీలు ఎద్దులమీద ఉప్పును, ధాన్యమును పెరికలతో మోసి దేశమంతట చేరవేసినారు. మైసూరు యుద్ధములలో సైన్యములకు తిండిగింజలు అందించినవారు వారే. గుత్తి దగ్గరి సేవాగఢ్ నేటికిని బంజారాలకు యాత్రాస్థలము. యెరుకలు గాడిదలమీదను పశువులమీదను ఉప్పు, ధాన్యము మోసినారు, బుట్టలు అల్లినారు, సోది చెప్పినారు. 1871నాటికి గుత్తి, గుంతకల్లులమీదుగా మదరాసును బొంబాయిని కలుపు రైలుమార్గము పూర్తియైనది. ఉప్పు రైలెక్కినది. పెరిక యెద్దుకు పని తగ్గినది. కరువు మిగిలిన పశువులను తిన్నది. వృత్తి పోయి తిరుగుచున్నవారిని ప్రభుత్వము వృత్తి పోయినవారిగా చూడలేదు. తిరుగుచున్నవారిగా చూచి, అందులో నేరమును ఊహించినది.

చట్టప్రకారము ఒక తెగను నేరజాతిగా ప్రకటించుట ప్రభుత్వము చేతిలోని పని. ఆ ప్రకటన చెల్లదని అడుగుటకు న్యాయస్థానములకు అధికారము లేదు. ప్రకటింపబడిన తెగలో పుట్టినవాని పేరు రిజిస్టరున చేర్చవచ్చును. అతడు దొంగతనము చేసినట్లు రుజువు కానక్కరలేదు. వేలిముద్రలు తీసికొందురు. చెప్పిన వేళకు హాజరు పలుకవలెను. వూరు విడుచుటకు చీటీ కావలెను. అవసరమనుకొన్నచో కుటుంబములను సెటిల్మెంటులకు తరలింపవచ్చును. పిల్లలను తల్లిదండ్రులనుండి వేరుచేసి బడులలో వుంచవచ్చును. గుంటూరు సీమలోని స్టూవర్టుపురము ఇట్లు ఏర్పడిన సెటిల్మెంటులలో పేరు మోసినది. తెలుగు దేశమున దొంగదాసరులను తెగకు పేరులోనే నేరము అతికింపబడి వుండినది.

సెటిల్మెంటు బానిసలసంత కాదు. అక్కడ మనుషులను అమ్మలేదు, కొనలేదు. ఆ భేదమును మరువరాదు. కాని రెండింటికిని మూలసూత్రము ఒక్కటే. వర్జీనియా శాసనము తల్లి యెవరని అడిగినది. ఈ చట్టము ఏ తెగలో పుట్టితివని అడిగినది. నీవేమి చేసితివని రెండును అడుగలేదు.

అట్టి స్థితిలో కొందరు పేరు మార్చుకొని, వేరొక కులము చెప్పుకొని, తెలియని వూళ్లకు పోవుట సహజము. ఆ మార్గము అందరికి సమముగా తెరచిలేదు. అద్దాల రవికెయు, దంతపు గాజులును, ఇంటిలో మాటాడుకొను గోర్‌బోలీయు సుగాలీ స్త్రీని దూరమునుండియే తెలుపును. యెరుకలు తమలో తాము మాటాడుకొను భాష ఒక్క మాటతో వారిని పట్టియిచ్చును. చలామణి కావలెనన్న అమ్మ నేర్పిన మాటను మ్రింగవలెను. అమ్మ కుట్టిన బట్టను విప్పవలెను. ఎల్లెన్ నాలుగు దినములు చేసిన పనిని ఇట్టివారు బ్రతికినంతకాలము చేయవలసియుండెను.

ఇక్కడనే మేము మొదట ప్రస్తావించిన సంగతి బయటపడుచున్నది. 1892లో ముల్లాలీ అను పోలీసు అధికారి మదరాసు రాజధానిలోని నేరజాతులనుగూర్చి ఒక పుస్తకము ప్రకటించినాడు. అట్టి పోలీసు గ్రంథములలో వేషము మార్చుట, మారుపేరు పెట్టుకొనుట, పెద్దకులమువారమని చెప్పుకొనుట నేరస్వభావమునకు గుర్తులుగా లెక్కింపబడినవి. బోస్టన్‌లో సభలు చేసి కొనియాడిన పనియే మన సీమలో నేరమునకు సాక్ష్యమైనది. పని యొక్కటే, చరిత్రను వ్రాసినవాని చేయి వేరు. క్రాఫ్టు దంపతుల కథను వారే చెప్పుకొన్నారు. పీఠభూమినుండి కదలిన యెరుకలవాని కథను అతనిని వెదకుచున్నవాడు వ్రాసినాడు. విజయవంతముగా దాగినవాడు ఏ పుస్తకమునకును దొరకలేదు.

చేతి సంగతియు విచారింపదగినదే. 1897లో కలకత్తాలో పోలీసువారు వేలిముద్రల కార్యాలయము స్థాపించినారు. మనిషి పేరు మార్చవచ్చును, బట్ట మార్చవచ్చును, వూరు మార్చవచ్చును, వేలిగీతలు మారవు. సంతకము అడిగిన రాజ్యమునుండి ఎల్లెన్ చేతికి కట్టు కట్టి తప్పించుకొన్నది. వేలిముద్ర అడిగిన రాజ్యమునుండి తప్పించుకొనుటకు అట్టి కట్టు లేదు. అందుచేతనే ఇక్కడ విముక్తి వేషమువలన రాలేదు. చట్టము మారుటవలన వచ్చినది. మదరాసు రాష్ట్రము 1947లో ఈ చట్టమును రద్దుచేసినది. అనంతశయనం అయ్యంగారి అధ్యక్షతను కేంద్రప్రభుత్వము నియమించిన సంఘము 1950లో నివేదిక ఇచ్చినది. 1952 ఆగస్టు 31వ తేదీన దేశమంతటను ఆ చట్టము తొలగినది. 1956లో ఆంధ్రప్రాంతపు సుగాలీలు, యెరుకలు షెడ్యూల్డు తెగల పట్టికలో చేరినారు. ఏ పుట్టుకపేరు ఒకప్పుడు హాజరు రిజిస్టరులో వ్రాయబడినదో, ఆ పేరే బడిలో చేర్పు కొరకు, ఉద్యోగము కొరకు ధైర్యముగా చెప్పుకొనవలసిన పేరైనది. దాచుటకు కారణము పోవుటకంటె విముక్తికి వేరు కొలత లేదు.

అయితే చట్టము తొలగిన దినముననే చూపు మారదు. వాన రాని యేట ఈ పీఠభూమినుండి బెంగుళూరుకు పనికై పోవువారిలో నేటికిని తండాలవారు గలరు. అద్దె యిల్లు అడుగబోయినవానిని మొదట పేరు, పిదప వూరు, ఆ పిదప మెల్లగా కులము అడుగు గృహస్థులు మనలో లేకపోలేదు. ఆ మూడవ ప్రశ్న విన్నవాడు ఒక క్షణము తడబడును. నిజము చెప్పవలెనా, ఇల్లు దక్కించుకొనవలెనా అని అతడు ఆ క్షణములో లెక్క వేసికొనును. 1848లో బాల్టిమోర్ స్టేషనులో ఎల్లెన్ పడిన సంకటమునకు అది చిన్న తోబుట్టువు. అక్కడ మనస్సు మార్చుకొనవలసినవాడు అధికారి. ఇక్కడ ఆ స్థానములో వున్నది, గుమ్మములో నిలబడి ప్రశ్న అడుగుచున్న మనమే. ఆ ప్రశ్నను మానుకొనుటకు ఏ చట్టము కొరకును వేచియుండనక్కరలేదు.